బట్టీ పడితే నిలవడం లేదు, సూది చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి: నేను బైపీసీకి పనికొస్తానా?

ప్రశ్న:
మేడమ్ గారికి నమస్కారం. మాది సిద్దిపేట జిల్లాలో చిన్న ఊరు. పదో తరగతి వరకు ఊళ్ళోనే తెలుగు మీడియంలో చదివాను. ఇప్పుడు ఇంటర్ సెకండియర్ బైపీసీ, ఇంగ్లిష్ మీడియం. ఫస్టియర్ బాగానే గడిచింది. సెకండియర్ జువాలజీలో హ్యూమన్ అనాటమీ అండ్ ఫిజియాలజీ మొదలైనప్పటి నుంచి కష్టంగా ఉంది. అర్ధరాత్రి దాకా బట్టీ పడతాను, వారం తిరిగేసరికి ఏమీ గుర్తుండదు. గుండె బొమ్మ గీస్తే కుడి ఎడమలు తారుమారవుతున్నాయి. మొన్న బ్లడ్ గ్రూప్ చూడటానికి నా ఫ్రెండ్ వేలికి సూది గుచ్చితే నాకు కళ్ళు తిరిగి కింద కూర్చుండిపోయాను. అందరూ నవ్వారు, ‘నువ్వేం డాక్టరవుతావు’ అన్నారు. రిప్రొడక్షన్ పాఠం సార్ చెప్పలేదు, ‘ఇంటికాడ చదువుకోండి’ అన్నారు. ఇంట్లో ఆ పేజీ తెరవాలంటే సిగ్గు. మా నాన్న నన్ను డాక్టరును చేయాలనే ఈ గ్రూపులో చేర్పించారు. నీట్‌లో సీటు రాకపోతే ఇదంతా వృథాయేనా? నేను బైపీసీకి పనికొస్తానా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

సమాధానం:
అమ్మా, నీ ఆఖరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను. పనికొస్తావు. నువ్వు రాసిన ఇబ్బందుల్లో ఒక్కటి కూడా తెలివి తక్కువై వచ్చింది కాదు. జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పినన్నాళ్ళూ ప్రతి బ్యాచ్‌లో ఇవే చూశాను, వీటిని దాటి వెళ్ళిన పిల్లలనూ చూశాను. అన్నిటి గురించీ మాట్లాడుకుందాం. మొదటిదానికి ఎక్కువ చోటు తీసుకుంటాను, అది సర్దుకుంటే మిగతావాటి భారం సగం తగ్గుతుంది.

నువ్వు బట్టీ పడుతున్నది పేర్లను. అందులో నీ తప్పేమీ లేదు, పుస్తకం అమరికే అలా ఉంటుంది. ప్రతి పాఠం నిర్మాణంతో మొదలవుతుంది. కిడ్నీ ఎక్కడుంది, లోపల కార్టెక్స్ ఏది, మెడుల్లా ఏది, నెఫ్రాన్‌లో ఎన్ని భాగాలు అని చెప్పుకుంటూ పోతుంది. అసలు పని గురించి చెప్పే పేజీకి వచ్చేసరికి తల బరువెక్కిపోతుంది. ఏ భాగం ఎందుకుందో తెలియకుండా నేర్చుకున్న పేరు ఎవరికీ వారానికి మించి నిలవదు. అందుకని నువ్వు పాఠాన్ని తిరగేసి చదువు. ముందు శరీరానికి వచ్చిన అవసరమేమిటో చూడు. ఆ అవసరం తీరాలంటే ఎలాంటి భాగం ఉండాలో నీకు నువ్వే ఆలోచించు. పేరు చివరికి నేర్చుకో.

కిడ్నీలో రక్తాన్ని వడగట్టే సన్నటి గొట్టం, ఆ నెఫ్రాన్‌నే తీసుకుందాం. రక్తంలో యూరియా చేరుతోంది, దాన్ని బయటికి పంపాలి. అదే రక్తంలో గ్లూకోజ్ ఉంది, అమైనో ఆమ్లాలు ఉన్నాయి, సోడియం ఉంది, నీళ్ళున్నాయి. అవి పోకూడదు. దీనికి శరీరం ఎంచుకున్న పద్ధతి చూడు. రక్తకణాలూ పెద్ద ప్రోటీన్లూ తప్ప మిగతాదంతా ముందు వడగట్టి బయటికి తీసేస్తుంది. ఆ తర్వాత కావలసినవాటిని ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకుంటుంది. వడగట్టాలంటే ఒత్తిడి కావాలి. అందుకే గ్లోమెరులస్ అనే సన్నటి నాళాల ముద్దలోకి రక్తం తెచ్చే నాళం వెడల్పుగా, తీసుకుపోయే నాళం సన్నగా ఉంటాయి. వడగట్టింది చుక్క పోకుండా పట్టుకోవాలి, అందుకు దాని చుట్టూ బౌమన్ క్యాప్సూల్. వెనక్కి తీసుకోవాలంటే పొడవైన గొట్టం, ఆ గొట్టాన్ని అంటిపెట్టుకుని రక్తకేశనాళికలు ఉండాలి. గ్లూకోజ్, అమైనో ఆమ్లాలు దాదాపు పూర్తిగా, నీళ్ళు చాలావరకు గొట్టంలోని మొదటి మెలికల భాగం, అంటే పిసిటిలోనే వెనక్కి వెళ్ళిపోతాయి. అంత పని ఒక్కచోటే జరగాలంటే గోడకు వైశాల్యం కావాలి, అందుకే అక్కడి కణాలకు లోపలివైపు బ్రష్ కుచ్చులాంటి అంచు, బ్రష్ బోర్డర్, ఉంటుంది. హెన్లీ లూప్ మెడుల్లా లోతుల్లోకి దిగి అక్కడ ఉప్పు గాఢంగా ఉండేలా చూస్తుంది. ఆ గాఢత వల్లే ఆ పక్కగా దిగే కలెక్టింగ్ డక్ట్ నుంచి నీటిని ఇంకా లాగుకోగలుగుతున్నాం. ఇలా చదివితే పిసిటి, హెన్లీ లూప్, చివరి మెలికల భాగమైన డిసిటి అనే వరసను బట్టీ పట్టాల్సిన అవసరం రాదు.

అంకెలను కూడా ఇలాగే చూడు. రెండు కిడ్నీలూ కలిసి నిమిషానికి 125 మిల్లీలీటర్లు వడకడతాయని ఉంటుంది పుస్తకంలో. దాన్ని 60తో, మళ్ళీ 24తో గుణించు. రోజుకు 180 లీటర్లు. మీ ఊళ్ళో ఇంటింటికీ వేసే 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు తొమ్మిది. అందులో మూత్రంగా బయటికి పోయేది దాదాపు లీటరున్నర, అంటే 99 శాతం వెనక్కి వచ్చేస్తోంది. ఈ లెక్క నీ చేతితో ఒకసారి చేస్తే డయాబెటిస్ ఉన్నవాళ్ళు మాటిమాటికీ మూత్రానికి ఎందుకు వెళ్తారో కూడా నీకే తడుతుంది. గ్లూకోజ్ మరీ ఎక్కువై గొట్టం అంతటినీ వెనక్కి తీసుకోలేకపోతే, మిగిలిన గ్లూకోజ్ తనతో పాటు నీళ్ళను కూడా తీసుకుపోతుంది.

పాఠాలను కలపడం ఇంకో పని. పుస్తకంలో శ్వాస ఒక పాఠం, ప్రసరణ మరో పాఠం, కండరాలు ఇంకో యూనిట్. నీ ఒంట్లో అలాంటి గీతలేవీ లేవు. ఒక ఆదివారం తెల్లకాగితం తీసుకుని ఆక్సిజన్ ప్రయాణం ఒక్కటే రాయి. ముక్కు, ఫారింక్స్, లారింక్స్, ట్రాకియా, బ్రాంకై, బ్రాంకియోల్స్, ఆల్వియోలై. అక్కడ ఆక్సిజన్ పీడనం పాదరసంలో కొలిస్తే 104 మిల్లీమీటర్లు, ఆ పక్కన కేశనాళికలోకి వచ్చిన రక్తంలో 40. ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి పోతుంది, ఎవరూ నెట్టక్కర్లేదు. హిమోగ్లోబిన్ అణువుకు నాలుగు ఆక్సిజన్ అణువులు పట్టుకుంటాయి. పల్మనరీ వెయిన్, ఎడమ కర్ణిక, బైకస్పిడ్ కవాటం, ఎడమ జఠరిక, బృహద్ధమని, చేతి ధమని, చివరికి నువ్వు ఇప్పుడు పెన్ను పట్టుకున్న వేళ్ళను కదిలించే కండరంలోని మైటోకాండ్రియా. ఇంతవరకు రాస్తే మూడు పాఠాల్లో తిరిగొచ్చినట్టే. మరో ఆదివారం నువ్వు తిన్న అన్నం ముద్దలోని పిండిపదార్థాన్ని వెంబడించు. ఇంకోసారి తాగిన గ్లాసెడు నీళ్ళను.

గుండెలో కుడి ఎడమల తికమకకు చిన్న చిట్కా ఉంది. గుండె బొమ్మ ఉన్న కాగితాన్ని, బొమ్మ ఎదుటివాళ్ళకు కనబడేలా నీ ఛాతీకి ఆనించుకో. ఇప్పుడు బొమ్మలోని కుడి నీ కుడివైపే ఉంటుంది. మనం గీసేది మనకు ఎదురుగా నిలబడ్డ మనిషి గుండెను. అది తెలిశాక మళ్ళీ తారుమారు కాదు. ధమని అంటే మంచి రక్తం, సిర అంటే చెడు రక్తం అనే లెక్కను కూడా వదిలెయ్యి. గుండె నుంచి బయటికి వెళ్ళేది ధమని, గుండెకు వచ్చేది సిర. అలా అనుకుంటే పల్మనరీ ధమనిలో ఆక్సిజన్ తక్కువ రక్తం ఉండటం వింతగా అనిపించదు.

గుండె పాఠంలో ఇంకో గుణకారం ఉంది, నాకు చాలా ఇష్టమైనది. ఒక్కసారి కొట్టుకుంటే ఎడమ జఠరిక పంపేది సుమారు 70 మిల్లీలీటర్లు. నిమిషానికి 72 సార్లు. గుణిస్తే 5,040, అంటే ఐదు లీటర్లు. పెద్దవాళ్ళ ఒంట్లో ఉండే రక్తమే దాదాపు ఐదు లీటర్లు. ఒంట్లో ఉన్నంత రక్తమూ నిమిషంలో గుండె గుండా వెళ్తోందన్నమాట. 1628లో విలియం హార్వే అనే ఇంగ్లండు వైద్యుడు ఇలాంటి లెక్కతోనే అప్పటికి వెయ్యేళ్ళకు పైగా చెలామణిలో ఉన్న ప్రాచీన గ్రీకు వైద్యుడు గేలెన్ మాటను కాదన్నాడు. తిన్న తిండి నుంచి కాలేయం ఎప్పటికప్పుడు కొత్త రక్తం తయారు చేస్తుందని, ఒళ్ళు దాన్ని వాడేసుకుంటుందని గేలెన్ చెప్పాడు. హార్వే వేసుకున్న అంకెలు మన పుస్తకంలో ఉన్నవాటికంటే చాలా తక్కువ. అయినా అరగంటలో గుండె పంపే రక్తం తిండి నుంచి తయారయ్యేంత కాదని తేలిపోయింది. అదే రక్తం తిరిగి తిరిగి రావాలి, వేరే దారి లేదు. మైక్రోస్కోపు లేకుండా, కేశనాళికలను కంటితో చూడకుండా, కూడికలు గుణకారాలతో తేల్చాడు. నీకు చేతనైన లెక్కలే అవి.

హార్వే చేసిన ఒక ప్రయోగం నీ చేతి మీదే చేయవచ్చు. చేయి కాసేపు కిందికి వేలాడదీస్తే ముంజేతి మీద సిరలు ఉబ్బుతాయి. ఒక సిర మీద మణికట్టు వైపు ఒక వేలితో నొక్కి ఉంచు. రెండో వేలితో అక్కడి నుంచి మోచేతి వైపు సిరను తుడిచినట్టు నొక్కుతూ పోయి, ఆ రెండో వేలు తీసెయ్యి. మధ్య భాగం ఖాళీగానే ఉండిపోతుంది, పైనున్న రక్తం వెనక్కి దిగదు. కవాటం అడ్డుకుంటోంది. కింది వేలు తీయగానే నిండిపోతుంది. సన్నటి చేతులున్న వాళ్ళకు బాగా కనిపిస్తుంది, మీ నాన్న చేతి మీద ఇంకా బాగా తెలియవచ్చు. దీనికి తాడు కట్టాల్సిన పని లేదు, కట్టకు కూడా.

ఈ సబ్జెక్టుకు ఉన్న గొప్ప సౌకర్యం ఇదే. ల్యాబు ఎప్పుడూ నీతోనే ఉంటుంది. అన్నం ముద్దను మింగకుండా నములుతూ ఉండు, కాసేపటికి తియ్యబడుతుంది. లాలాజలంలోని ఎమైలేజ్ పిండిపదార్థాన్ని మాల్టోజ్‌గా విడగొడుతోంది. గొంతు మీద వేళ్ళు పెట్టి గుటక వెయ్యి, స్వరపేటిక పైకి లేస్తుంది, ఎపిగ్లాటిస్ దాని మీదికి వాలేది అప్పుడే. ఊపిరి బిగబట్టు. వదిలెయ్యాలన్న ఆత్రం వచ్చేది ఆక్సిజన్ అయిపోయి కాదు, ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్ పెరిగి. కూర్చుని నాడి లెక్కపెట్టు, మెట్లెక్కి దిగి మళ్ళీ లెక్కపెట్టు. ఎంతసేపటికి మామూలుకు వస్తుందో గడియారం చూసి రాసుకో. ఎండాకాలం బస్సులో గంటన్నర ప్రయాణం చేసి వచ్చిన రోజు మూత్రం ముదురు పసుపుగా ఎందుకుంటుందో, ఒంట్లో నీటిని నిలిపే హార్మోన్ ఏడిహెచ్ గురించిన పేరా తెరిచి చదువు. ఇక ఆ పేరా మరిచిపోవు. ఒక్క జాగ్రత్త: వీటిని పాఠం కోసమే చెయ్యి. నాడి 90 వచ్చిందని జబ్బు అంటగట్టుకోవద్దు. కూర్చున్నప్పుడు 60 నుంచి 100 మధ్య ఎంతున్నా మామూలే.

ఇవన్నీ చేశాక పుస్తకం మూసి గీయాలి, రాయాలి. ఎదురుగా పుస్తకం పెట్టుకుని చూసి గీసిన బొమ్మ చేతికి పని చెప్తుంది, బుర్రకు చెప్పదు. ఖాళీ కాగితం మీద గుర్తున్నంత గీసి, తర్వాత పుస్తకం తెరిచి తప్పులను ఎర్ర పెన్నుతో దిద్దు. ఆ ఎర్ర గీతలే నువ్వు మర్నాడు చదవాల్సిన పాఠం. అదే బొమ్మను మర్నాడు, వారం తర్వాత, నెల తర్వాత మళ్ళీ గియ్యి. అర్ధరాత్రి దాకా కూర్చోవడం మాత్రం మానెయ్యి. చదివింది స్థిరపడేది నిద్రలోనే, అది కూడా ఫిజియాలజీయే. పదింటికి పడుకుని పొద్దున్నే లేచి రాత్రి గీసిన బొమ్మను చూడకుండా మళ్ళీ గీస్తే, నువ్వు ఇప్పుడు పడుతున్న శ్రమలో సగానికే ఎక్కువ నిలుస్తుంది.

ఇంగ్లిష్ మీడియం గురించి నువ్వు గట్టిగా అడగలేదు కానీ ఉత్తరంలో ఆ దిగులు ఉంది. నీ పదో తరగతి జీవశాస్త్రం పుస్తకం పారేయలేదు కదా? పోషణ, శ్వాసక్రియ, ప్రసరణ, విసర్జన, నియంత్రణ, ప్రత్యుత్పత్తి, అన్నీ అందులో తెలుగులో ఉన్నాయి. ఇంటర్ పాఠం మొదలుపెట్టే ముందురోజు సాయంత్రం దానికి సరిపడే పదో తరగతి పాఠం ఒకసారి చదువు. విషయం ముందే తెలిసి ఉంటుంది కాబట్టి ఇంగ్లిష్‌లో కొత్తగా నేర్చుకోవాల్సింది మాటలే అవుతుంది. జవాబులు చిన్న వాక్యాల్లో రాయి. పెద్ద వాక్యాలకు ఎవరూ ఎక్కువ మార్కులు వెయ్యరు. నీట్ సంగతి కూడా ఇక్కడే చెప్తాను. అందులో 180 ప్రశ్నల్లో 90 బయాలజీవే. మీకు సెకండియర్‌లో ఉన్న ఈ హ్యూమన్ ఫిజియాలజీ ఎన్‌సీఈఆర్‌టీలో పదకొండో తరగతి పుస్తకంలో ఉంటుంది. చాలామంది పిల్లలు దాన్ని పన్నెండో తరగతి పుస్తకంలో వెతుకుతారు. ఆ అధ్యాయాలను వాక్యం వాక్యం చదువు. ఆ ఏడాది సిలబస్‌లో ఏ పాఠం ఉంది, ఏది తీసేశారు అన్నది మాత్రం ముందే చూసుకో.

ఇప్పుడు ఆ సూది సంగతి. నవ్విన వాళ్ళను పట్టించుకోకు. నీకు జరిగింది పిరికితనం కాదు, అది నీ పాఠంలోనే ఉంది. రక్తమో సూదో చూసినప్పుడు కొందరిలో మెదడు నుంచి వేగస్ నాడి ద్వారా గుండెకు గట్టి సంకేతం వెళ్తుంది. వేగస్ అంటే పదో కపాలనాడి, పారాసింపథెటిక్ వ్యవస్థలో ముఖ్యమైనది. దానితో గుండె వేగం పడిపోతుంది. అదే సమయంలో కాళ్ళలోని రక్తనాళాలు వదులై రక్తం కిందికి చేరుతుంది. బీపీ తగ్గుతుంది, మెదడుకు కాసేపు రక్తం చాలదు. కళ్ళ ముందు చీకట్లు, చెమట, వికారం, ఆ తర్వాత కూలబడటం. పడుకోగానే రక్తం మళ్ళీ తలకు అందుతుంది, తేరుకుంటావు. డాక్టర్లలో, నర్సుల్లో కూడా చదువుకునే రోజుల్లో ఇలా కళ్ళు తిరిగిన వాళ్ళు ఎంతోమంది ఉంటారు.

దీనికి చేయాల్సింది చాలా తేలిక. ప్రాక్టికల్స్ ఉన్న రోజు ఖాళీ కడుపుతో వెళ్ళకు, నీళ్ళు బాగా తాగి వెళ్ళు. తల తేలిపోతున్నట్టు అనిపించిన మొదటి క్షణంలోనే పిడికిళ్ళు బిగించి, తొడలు, పొట్ట కండరాలు గట్టిగా బిగబట్టు. పది పదిహేను సెకన్లు ఉంచి, అర నిమిషం వదిలి, మళ్ళీ బిగించు. అలా ఐదుసార్లు చెయ్యి. బిగిసిన కండరాలు సిరల్లోని రక్తాన్ని గుండె వైపు నెడతాయి, బీపీ పడిపోకుండా ఆగుతుంది. ఇంట్లో ఊరికే కూర్చున్నప్పుడే దీన్ని అలవాటు చేసుకుంటే అవసరమైనప్పుడు చేయి తిరుగుతుంది. అప్పటికీ ఆగకపోతే సిగ్గుపడకుండా పడుకుని కాళ్ళు కొంచెం ఎత్తులో పెట్టు. అయితే రక్తం, సూది లాంటి కారణమేమీ లేకుండా, లేదా పరుగెత్తుతున్నప్పుడు ఎప్పుడైనా స్పృహ తప్పితే అది వేరే విషయం, తప్పకుండా డాక్టరుకు చూపించాలి.

చూసే కొద్దీ ఈ భయం తగ్గుతుంది. అందుకు మీ ఊరి మటన్ షాపు మంచి చోటు. మీ ఇంట్లో మాంసం తినే అలవాటుంటే, ఈసారి మీ నాన్న తెచ్చేటప్పుడు మేక గుండెకాయ ఒకటి, గుర్దా ఒకటి విడిగా అడిగి తెమ్మను. గుండెకాయ పైనున్న నాళాలు కోసెయ్యకుండా ఇమ్మని చెప్పాలి, మామూలుగా శుభ్రం చేసి ఇచ్చేస్తారు. మొదటి రోజు కడిగిన గుండెను చేతిలోకి తీసుకుని చూస్తే చాలు. తర్వాత అమ్మ దగ్గరుండగా నిలువుగా కోసి చూడు. ఎడమ జఠరిక గోడ కుడిదానికంటే ఎంత మందంగా ఉందో వేలితో తెలుస్తుంది. కుడిది పక్కనే ఉన్న ఊపిరితిత్తుల దాకా పంపితే చాలు, ఎడమది ఒళ్ళంతా పంపాలి. కవాటాల అంచుల నుంచి గోడకు తెల్లటి దారాలు కనిపిస్తాయి, అవే కార్డే టెండినే. జఠరిక బిగిసినప్పుడు కవాటం వెనక్కి తిరగబడకుండా పట్టుకునేవి అవి. ఒక దాన్ని లాగి చూడు, ఎంత గట్టిగా ఉంటుందో.

గుర్దాను పొడవునా రెండుగా కోస్తే బయట కార్టెక్స్, లోపల మెడుల్లా రంగు తేడాతో కనిపిస్తాయి. అక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకో. మనిషి కిడ్నీలో మెడుల్లా వేర్వేరు పిరమిడ్లుగా ఉంటుంది, మేకలో అవి కలిసిపోయి ఒకే గట్టుగా ఉంటాయి. పరీక్షలో మనిషిదే గీయాలి. తిల్లి అడిగితే ఇస్తారు, అదే ప్లీహం, 120 రోజులు బతికిన ఎర్ర రక్తకణాలు చివరికి చేరే చోటు. మీరు శాకాహారులైతే ఇవేవీ అక్కర్లేదు, కాలేజీ ల్యాబులో మోడల్ ఉంటుంది, దాన్ని విడదీసి పెట్టడం నేర్చుకో. చేతులు సబ్బుతో కడుక్కోవడం మాత్రం మరవద్దు.

రిప్రొడక్షన్ పాఠం చదవమని నిన్ను అడగడం లేదమ్మా, గట్టిగా చెప్తున్నాను. చెప్పకుండా దాటేసిన లెక్చరర్ మీకు అన్యాయం చేశారు. ఎనిమిది మార్కుల ప్రశ్న అక్కడి నుంచి వస్తుందన్నది చిన్న కారణం. అది నీ ఒళ్ళు. కిడ్నీ గురించి చదవడానికి లేని సిగ్గు గర్భాశయం గురించి చదవడానికి ఎందుకు? నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కపెడితే మొదట ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ వల్ల అండాశయంలో అండం ఉండే సంచి, ఫాలికల్, పెరుగుతుంది. దాని నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ గర్భాశయం లోపలి పొరను మందంగా చేస్తుంది. 28 రోజుల చక్రమైతే 14వ రోజు ప్రాంతంలో ఎల్‌హెచ్ అనే ఇంకో హార్మోన్ ఒక్కసారిగా పెరిగి అండం విడుదలవుతుంది. అండం వెళ్ళాక మిగిలిన ఫాలికల్, అంటే కార్పస్ లూటియం, ప్రొజెస్టిరాన్‌ను ఇచ్చి ఆ పొరను నిలబెడుతుంది. గర్భం రాకపోతే కార్పస్ లూటియం క్షీణిస్తుంది, ప్రొజెస్టిరాన్ పడిపోతుంది, పొర ఊడి నెలసరి వస్తుంది. ఎండోక్రైన్ పాఠంలో నువ్వు బట్టీ పట్టిన హార్మోన్లు ఇక్కడ పని చేస్తూ కనిపిస్తాయి. 28 అన్నది సగటు మాత్రమే. నీ వయసులో కొన్ని రోజులు అటూ ఇటూ కావడం మామూలు. మూడు నెలలు అసలు రాకపోయినా, రక్తస్రావం మరీ ఎక్కువగా ఉన్నా మీ ఊరి ఏఎన్‌ఎమ్‌ను గానీ డాక్టరును గానీ అడగాలని కూడా ఈ పాఠం చదివితేనే తెలుస్తుంది.

నెలనెలా రక్తం పోయేచోట ఐరన్ కూడా పోతుంది. మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో సగానికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తోంది. ఎప్పుడూ నీరసం, మెట్లెక్కితే ఆయాసం, చదివింది తలకెక్కకపోవడం దాని లక్షణాలు కావచ్చు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ చూపించుకో. నీ వయసు అమ్మాయికి 100 మిల్లీలీటర్ల రక్తంలో 12 గ్రాములకు తగ్గకూడదు. వారానికోసారి ఇచ్చే ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్రను చాలామంది ఆడపిల్లలు కిటికీలోంచి పారేస్తారు. నువ్వు అలా చెయ్యకు.

ఇంకో మాట ఆ పాఠంలో ఉంది, ఊళ్ళో అందరికీ వినిపించాల్సింది. తల్లి అండంలో ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే ఉంటుంది. తండ్రి శుక్రకణంలో ఎక్స్ ఉంటే ఆడపిల్ల, వై ఉంటే మగపిల్లవాడు. ఆడపిల్లలే పుడుతున్నారని కోడలిని తిట్టే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. గర్భంలోని బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని నిషేధిస్తూ 1994లో చట్టం చేయాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎలాంటిదో ఆలోచించు. ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు కలిసి కూర్చుని ఈ పాఠం చదువుకోండి. అర్థం కానిచోట బోటనీ మేడమ్‌నో, వేరే లేడీ లెక్చరర్‌నో అడగండి. ఇంట్లో ఎవరైనా ఆ పేజీ చూసి ఏమిటని అడిగితే ‘పరీక్ష పాఠం’ అని చెప్పు, అది నిజమే కదా.

చివరికి మీ నాన్నగారి కోరిక. తప్పు పట్టాల్సిన కోరిక కాదు. నీట్‌కు నిజాయితీగా ప్రయత్నం చెయ్యి. సీటు వస్తే సంతోషం. రాకపోతే ఈ రెండేళ్ళు వృథా అనే మాట మాత్రం నేను ఒప్పుకోను. నెఫ్రాన్ బాగా అర్థమైన పిల్లే రేపు డయాలసిస్ టెక్నాలజీ చదివి ఆ యంత్రం దగ్గర నిలబడుతుంది. కండరాలు, కీళ్ళు అర్థమైన పిల్ల ఫిజియోథెరపీ చదివి పక్షవాతం వచ్చిన మనిషిని మళ్ళీ నడిపిస్తుంది. నర్సింగ్, ల్యాబ్ టెక్నాలజీ, ఆపరేషన్ థియేటర్ టెక్నాలజీ, రేడియాలజీ, ఫార్మసీ, పోషకాహార శాస్త్రం, పశువైద్యం, అన్నిటికీ పునాది ఈ యూనిట్లే. వీటిలో ఏదీ డాక్టరు కాలేక చేసే పని కాదు.

కండరాల పాఠంలో కండరానికి శక్తినిచ్చే ఏటీపీ, ఫాస్ఫోక్రియాటిన్ అనే మాటలు చూసే ఉంటావు. కండరంలో ఆ రెంటినీ కనుక్కున్నవాళ్ళలో 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. మద్రాసు వైద్య కళాశాలలో చదివినా ఆయనకు ఎంబీబీఎస్ డిగ్రీ రాలేదు, దానికంటే తక్కువదైన ఎల్‌ఎమ్‌ఎస్‌ ఇచ్చారు. అమెరికా వెళ్ళి హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1920లలో ఈ పని చేశారు. తర్వాత లెడర్లీ అనే మందుల సంస్థలో ఆయన నడిపిన బృందం 1940లలో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. ఇందాక చెప్పిన మాత్రలో ఐరన్‌తో పాటు ఉండేది అదే. ఆయన స్టెతస్కోపు పట్టుకుని రోగులను చూస్తూ గడపలేదు. అయినా ఆయన చేసిన పని ఎంతమంది రోగులకు చేరిందో మీ నాన్నగారికి చెప్పు.

ఆయనతో మాట్లాడేటప్పుడు ‘నాకు రాదు, నేను చేయలేను’ అని మొదలుపెట్టకు. ‘నాన్నా, నీట్ రాస్తాను, దానితో పాటు ఇంకో మూడు కోర్సులు చూసి పెట్టుకుందాం’ అని అను. వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో వైద్యంతో పాటు ఫిజియోథెరపీ, నర్సింగ్, పారామెడికల్ కోర్సుల ప్రకటనలు వస్తుంటాయి. మీ దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక ల్యాబ్ టెక్నీషియన్‌నో, ఫిజియోథెరపిస్టునో కలిసి వాళ్ళు ఏం చదివారు, ఎంత ఖర్చయింది, రోజంతా ఏం పని చేస్తారు అని ఇద్దరూ కలిసి అడగండి. పరీక్షలు దగ్గర పడక ముందే, దసరా సెలవుల్లో ఈ పని పెట్టుకుంటే మంచిది.